గుండెను నడపు నరములు – స్త్రీ పురుష భేదము

1966వ సంవత్సరమున ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమునందు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అను హృద్రోగ వైద్యుడు ఒక నూతన పద్ధతిని ప్రవేశపెట్టెను. రోగి ఆసుపత్రికి చేరువరకు వేచియుండక, ఆగిన గుండెను విద్యుదాఘాతముతో మరల నడిపించు పరికరమును అంబులెన్సులో అమర్చుకొని, వైద్యుడే రోగి యింటికి పోవుట ఆ పద్ధతి. దానివలన ఎందరికో ప్రాణములు దక్కినవి. వైద్యశాస్త్రమునకును ఒక లాభము కలిగినది. అంతకు పూర్వము వైద్యులు గుండెపోటును చూచుట అది వచ్చిన కొన్ని గంటల తరువాతనే. ఇప్పుడు తొలి అరగంటలోనే, రోగి యింకను తన మంచముపైననో కుర్చీలోనో ఉన్నప్పుడే, చూడగల్గిరి. అట్లు చూచిన వారిలో పదింట తొమ్మిదిమందికి నాడీమండలము అల్లకల్లోలమై యుండెనని 1972లో ఆ బృందమువారు ప్రకటించిరి. కొందరికి నాడి మందగించి, రక్తపోటు పడిపోయి యుండెను. మరికొందరికి నాడి పరుగులెత్తి, రక్తపోటు పైకెగసి యుండెను. గుండె క్రింది గోడకు దెబ్బ తగిలినవారిలో మొదటి స్థితియు, ముందు గోడకు తగిలినవారిలో రెండవ స్థితియు మిక్కిలిగా కనబడెను.

గుండెపోటనగా కొవ్వుపేరిన ధమనిలో రక్తము గడ్డకట్టి దారి మూసికొనుటయే అని మనమందరము నేర్చికొని యున్నాము. అది సత్యమే; కాని సగము సత్యము. మూసికొన్న ఆ నాళము మొదటి నిమిషము నుండియే గుండెను నడపు నరములను కల్లోలపరచును. స్టెంటు వేసి దారి తెరచిన తరువాత గూడ ఆ కల్లోలము వారములు, మాసములు కొనసాగవచ్చును. రోగి కోలుకొనునా, మరల ఆపదలో పడునా అను ప్రశ్నకు సమాధానము చాలమట్టుకు ఆ నరముల స్థితిలోనే యుండును. ఈ రెండవ సగము స్త్రీలలో ఒక విధముగను, పురుషులలో మరియొక విధముగను నడచుచున్నదని కొన్ని దశాబ్దములుగా సాక్ష్యము చేకూరుచుండగా, వైద్యశాస్త్రము దానిని నేర్చినది మాత్రము ప్రధానముగా పురుషుల గుండెలను పరీక్షించియే. నేనీ వ్యాసమున చెప్పదలచిన మాట యిదియే.

గుండెకు తనంతట తాను కొట్టుకొను శక్తి కలదు. దేహమునుండి వేరుచేసినను అది కొంతసేపు కొట్టుకొనుచునే యుండును. కాని దాని వేగమును సందర్భమునకు తగినట్లు హెచ్చించుటకును తగ్గించుటకును రెండు నరముల వ్యవస్థలున్నవి. బండి తోలువాని యొక చేత ములుకోలయు, వేరొక చేత పగ్గమును ఉన్నట్లు, వెన్నుపాము పైభాగమునుండి వచ్చు సింపథటిక్ నరములు గుండెను తొందరపెట్టుచుండగా, మెదడు కాండమునుండి మెడగుండా దిగివచ్చు వేగస్ నరము దానిని నిదానింపజేయుచుండును. వేగస్ నరమును ప్రేరేపించినచో గుండె ఆగిపోవుటను జర్మనీలో వేబర్ సోదరులు 1845లోనే చూపిరి. ఆ నరము గుండెతో ఏ భాషలో మాటలాడునో తెలియుటకు మరి డెబ్బదియైదేండ్లకు పైగా పట్టెను. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరమున ఒట్టో లోవీ ఒక కప్ప గుండెయొక్క వేగస్ నరమును ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవమును తీసి రెండవ కప్ప గుండెపై పోయగా, ఏ నరమును తాకకుండగనే అదియును మందగించెను. నరమునుండి వెలువడినది ఒక రసాయనమని దానితో ఋజువైనది. దానినే నేడు ఎసిటైల్‌కోలిన్ అందురు. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమానము లభించెను.

ఈ రెండు నరముల వ్యవస్థలలో వేగస్ చురుకైనది. దాని ఆజ్ఞ ఒక్క గుండె చప్పుడులోపలనే అమలగును. సింపథటిక్ నరముల ఆజ్ఞకు కొన్ని సెకనులు పట్టును. పాఠకులు దీనిని తమ మణికట్టుననే పరీక్షించి చూడవచ్చును. ప్రశాంతముగా కూర్చుండి, నాడిపై వ్రేళ్లుంచి, దీర్ఘముగా శ్వాస పీల్చి నెమ్మదిగా విడువుడు. పీల్చునప్పుడు నాడి కొంచెము త్వరపడును. విడుచునప్పుడు కొంచెము నిదానించును. యౌవనమున ఈ తేడా స్పష్టముగా తెలియును. వయస్సు పైబడినకొలది సన్నగిల్లును. అది వేగస్ నరము మేలుకొని పనిచేయుచున్నదనుటకు గుర్తు. ఒక చప్పుడునకు మరియొక చప్పుడునకు మధ్య కాలము ఇట్లు మారుచుండుటనే వైద్యులు హృదయగతి వైవిధ్యమని లెక్కింతురు. వైవిధ్యము మెండుగా నున్న గుండె ఆరోగ్యవంతము. కొయ్యబారినట్లు ఒకే గతిలో కొట్టుకొను గుండె ఆపదకు దగ్గరగా నున్నది.

ఈ మాటకు సంఖ్యాబలము చేకూరుటకు కారణము అమెరికాలోని మాంటానా రాష్ట్రమునకు చెందిన నార్మన్ హోల్టర్ కనిపెట్టిన యంత్రము. మొదట వీపున మోయవలసిన ముప్పదియెనిమిది కిలోల బరువుతో నుండిన ఆ యంత్రము క్రమముగా తగ్గి తగ్గి, నేడు రోగి చొక్కాక్రింద ధరించి ఇరువదినాలుగు గంటలు తన పనులు తాను చేసికొనుటకు వీలైన చిన్న పెట్టె యైనది. గుండెపోటునుండి బ్రతికి బయటపడిన 808 మందికి ఇట్టి యంత్రమును తగిలించి రాబర్ట్ క్లీగర్, అతని సహచరులు 1987లో ప్రకటించిన ఫలితము ఈ రంగమున మైలురాయి. దినమంతటి గుండె చప్పుళ్ల వ్యవధులలో తేడా 50 మిల్లీసెకనులకంటె తక్కువైనవారికి, 100 మిల్లీసెకనులు మించినవారితో పోల్చగా, తరువాతి కాలమున మరణాపాయము అయిదు రెట్లకు పైగా నుండెను. 1998లో ఇటలీ వైద్యురాలు మరియా తెరేసా లా రోవెరే నాయకత్వమున 1,284 మందిపై జరిగిన పరిశోధన దానిని మరియొక మార్గమున బలపరచెను. మందుతో రక్తపోటును క్షణకాలము పెంచినచో ఆరోగ్యవంతుని వేగస్ నరము వెంటనే గుండెను నిదానింపజేయును. గుండెపోటు తరువాత ఎవరిలో ఈ ప్రతిస్పందన బలహీనపడినదో వారికే గండము ఎక్కువ అని తేలెను.

ఇవి గొప్ప పరిశోధనలు. వానివలన లక్షలాది జనులకు మేలు కలిగినది. కాని వానిలో పాల్గొన్నవారిలో అత్యధికులు పురుషులు. ఏ కొలత సురక్షితము, ఏ కొలత ప్రమాదము అను గీతలన్నియు వారి గుండెలను చూచి గీసినవే.

ఇక స్త్రీల విషయము. ఆరోగ్యముగా నున్న స్త్రీ గుండె పురుషుని గుండెకన్న నిమిషమునకు కొన్ని చప్పుళ్లు అధికముగా కొట్టుకొనును. ఇది చూచి ఆమె వేగస్ బలహీనమని తలచుట సహజము. సత్యము అందుకు విరుద్ధము. 2016లో ప్రకటితమైన యొక బృహత్సమీక్షలో, అరువదివేలకు పైగా జనుల కొలతలను కలిపి చూడగా, స్త్రీల గుండెగతిలో వేగస్ నరము పాలు పురుషులలోకంటె ఎక్కువగా నున్నదని స్పష్టమైనది. యౌవనమున స్త్రీల సింపథటిక్ నరముల ఉద్రేకము సైతము పురుషులకంటె తక్కువ. ముట్లుడిగిన పిమ్మట ఆ తేడా తరిగిపోవును. ఈస్ట్రోజెన్ హార్మోనునకు ఇందులో పాత్ర కలదని జంతువులపై జరిగిన ప్రయోగములు చెప్పుచున్నవి. అట్లయిన ఆ హార్మోనునే మందుగా ఇచ్చినచో హృద్రోగము తప్పునుగదా అని వైద్యులు ఆశపడిరి. హృద్రోగము గల 2,763 మంది స్త్రీలపై జరిగి 1998లో వెలువడిన హెర్స్ పరిశోధన ఆ ఆశను వమ్ముచేసెను. ప్రకృతి యిచ్చిన రక్షణ మాత్రతో తిరిగి రాలేదు.

గుండెపోటు వచ్చు క్షణముననే స్త్రీల నరములు భిన్నముగా స్పందించుచున్నవా? మనిషికి గుండెపోటు తెప్పించి చూడరాదు. కాని దానికి దగ్గరగా నుండు ఒక సందర్భము చికిత్సలోనే కలదు. ఇరుకైన ధమనిని విప్పుటకు బెలూనును ఉబ్బించినప్పుడు, ఒకటి రెండు నిమిషములు ఆ ధమనిలో రక్తము పూర్తిగా ఆగును. ఫిన్లండు దేశమున ఔలు నగరపు వైద్యులు ఆ నిమిషములయందు స్త్రీ పురుషుల గుండెగతిని పోల్చి చూచి, 1998లో ఫలితములను ప్రకటించిరి. ధమని మూసికొన్న క్షణమున వేగస్ నరము మేల్కొనుట స్త్రీలలో అధికముగా కనబడెను. వేగస్ నరము గుండెకు మాత్రమేగాక జీర్ణాశయమునకును పోవునదిగదా. గుండెపోటు వచ్చిన స్త్రీలలో వికారము, వాంతి, కడుపులో ఇబ్బంది, నీరసము తరచుగా కనబడుటకు ఈ నరమునకు సంబంధముండవచ్చునని నా భావము. అమెరికాలో పదునొకండు లక్షలకు పైగా గుండెపోటు రోగుల వివరములను పరిశీలించి 2012లో ప్రకటించిన లెక్కలో, ఛాతీలో నొప్పియే లేకుండ వచ్చినవారు పురుషులలో నూటికి 31 మందికాగా స్త్రీలలో 42 మంది. ఎడమచేతికి ప్రాకు నొప్పి, రొమ్ము పట్టుకొని కూలిపోవుట – సినిమాలలో మనము చూచిన ఆ గుండెపోటు ప్రధానముగా పురుషుని గుండెపోటు.

వేగస్ మేల్కొనుట మేలే. అది ప్రాణాంతకమగు గుండె అదురును కొంతవరకు అడ్డగించును. హఠాన్మరణము స్త్రీలలో తక్కువగా నుండుటకు ఇదియొక కారణము కావచ్చును. అట్లయినచో గుండెపోటు తరువాత స్త్రీలు పురుషులకంటె బాగుగా కోలుకొనవలెను. జరుగుచున్నది అది కాదు. 1999లో వయోలా వక్కరీనో అను పరిశోధకురాలు అమెరికాలోని 3,84,878 మంది గుండెపోటు రోగుల వివరములను పరీక్షించి చూపిన సత్యము వైద్యలోకమును కలవరపరచెను. ఆసుపత్రిలోనే మరణించినవారు పురుషులలో నూటికి 11.5 మంది, స్త్రీలలో 16.7 మంది. స్త్రీలకు గుండెపోటు ముదిమిలో వచ్చును గనుక మరణములు ఎక్కువ అని సరిపెట్టుకొనుటకును వీలులేకపోయెను. ఏలయన ఏబదియేండ్లలోపు వారిలోనే ఈ తేడా అత్యధికము – పురుషులకంటె రెండింతలు మించి. వయస్సు పెరిగినకొలది తేడా తగ్గి, డెబ్బదినాలుగు దాటినవారిలో మాసిపోయెను. ప్రకృతి ఎవరికి ఎక్కువ రక్షణ నిచ్చినదో, ఆ పడుచు స్త్రీలే తమ యీడు పురుషులకంటె ఎక్కువగా మరణించుచున్నారు.

దీనికి కారణములు పెక్కు. స్త్రీలు ఆసుపత్రికి ఆలస్యముగా వత్తురు. వచ్చినను వారి బాధను గుర్తించుటలో జాప్యము జరుగును. వారిలో మధుమేహము వంటి తోడు వ్యాధులు ఎక్కువ. నరములపై సర్వభారము మోపుట న్యాయము కాదు. అయినను ఆరోగ్యవంతులైన స్త్రీలలో కనబడిన వేగస్ ఆధిక్యము గుండెపోటు తరువాత కనబడకుండ పోయినదని కొన్ని పరిశోధనలు చూపుటయు, వక్కరీనో తరువాతి కాలమున అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున చేసిన ప్రయోగమును కలిపి చూచినచో, కథ యొక దారికి వచ్చును.

ఆ ప్రయోగమును కొంచెము దగ్గరగా చూతము. ఇటీవల గుండెపోటు వచ్చి, అరువదియొక్క సంవత్సరములు మించని 150 మంది స్త్రీలను, 156 మంది పురుషులను ఎంచుకొనిరి. ప్రతివారిని నిశ్శబ్దమైన గదిలో కొంతసేపు విశ్రాంతిగా నుంచి, పిమ్మట ఒక కల్పిత సన్నివేశమును చెప్పిరి. మీ దగ్గర బంధువును వృద్ధాశ్రమములో సరిగా చూచుకొనక బాధపెట్టుచున్నారనుకొనుడు; దానిపై మీరు మాటలాడవలెను. ఆలోచించుటకు రెండు నిమిషములు, మాటలాడుటకు మూడు నిమిషములు. ఎదుట వీడియో కెమెరా, తెల్లకోట్లు ధరించి ముఖమున ఏ భావమును చూపని శ్రోతలు. ఆ అయిదు నిమిషములలో గుండె కండరమునకు రక్తము చక్కగా అందుచున్నదా లేదా అని స్వల్పమైన రేడియోధార్మిక ద్రవ్యమును సిరలోనికెక్కించి, ఛాయాచిత్రములు తీసిరి. పరుగులేదు, బరువులెత్తుట లేదు. ఉన్నది మనస్సునకు కలిగిన ఒత్తిడి మాత్రమే. ఆ యొత్తిడికే గుండెకు రక్తము చాలకపోయినవారు పురుషులలో నూటికి 11 మంది; స్త్రీలలో 22 మంది. వారి వ్రేలి కొనలయందలి సన్నని రక్తనాళములను కొలిచి చూచిన పరిశోధకులకు మరియొక భేదము కనబడెను. పురుషులలో ఈ లోటు గుండెవేగము, రక్తపోటు ఎగబ్రాకి గుండెకు పని పెరుగుటతో ముడిపడి యుండగా, స్త్రీలలో అది సన్నని రక్తనాళములు బిగుసుకొనుటతో ముడిపడి యుండెను. ఆ నాళములను బిగించునవి సింపథటిక్ నరములు. పెద్ద ధమనిలో స్టెంటు వేసి, దారి తెరచితిమని వైద్యుడు తృప్తిపడిన పిదపగూడ, ఆంజియోగ్రామున కంటికి ఆనని ఆ కొసనాళములలో ఆపద పొంచియుండును.

1990లో జపాను వైద్యులు తొలిసారి వర్ణించిన టాకోట్సుబో వ్యాధి ఇట్టిదే. తీవ్రమైన శోకమో భయమో కలిగినప్పుడు సింపథటిక్ రసాయనములు వెల్లువయై గుండె కొనభాగమును తాత్కాలికముగా స్తంభింపజేయును, ధమనులు మూసికొనియుండవు. రోగులలో పదింట తొమ్మిదిమంది స్త్రీలు, అందును హెచ్చుమంది ముట్లుడిగినవారు.

గుండెపోటు నరములకే గాయము చేయునని గూడ తెలిసికొనవలెను. రక్తము అందక కండరము చచ్చిన చోట దానిలోని నరముల కొసలును చచ్చును. ఆ మచ్చ అంచున నరములు మరల మొలకెత్తును. కాని సమముగా గాక, ఒకచోట గుబురుగను, మరియొకచోట బోసిగను. పొరుగుపొరుగు కండరములకే వేరువేరు ఆజ్ఞలందగా, విద్యుత్తు దారితప్పి గుండె అదరుటకు అవకాశమేర్పడును. ఈ పునర్నిర్మాణము స్త్రీలలో ఎట్లు జరుగునో పరిశోధించుట ఇప్పటి అవసరములలో ముఖ్యమైనదని నా నమ్మకము.

చికిత్సకు వత్తము. సింపథటిక్ నరముల ములుకోల పోటును తగ్గించు బీటా బ్లాకర్ మందులను కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానము వచ్చెను. అది అర్హమైన గౌరవము. గుండెపోటు తరువాత ఆ మందు ప్రాణములు కాపాడునని 1980 దశకపు తొలినాళ్ల పరిశోధనలు నిరూపించినవి. వానిలో పెద్దదైన అమెరికా పరిశోధనలో 3,837 మంది పాల్గొనగా, మరణములు నూటికి 9.8 నుండి 7.2కు తగ్గినవి. స్త్రీలు అందులో ఇంచుమించు ఆరవవంతు. ధమనులను వెంటనే తెరచు సదుపాయములు వచ్చిన ఈ కాలమున స్పెయిన్, ఇటలీలలో ఎనిమిదిన్నర వేలమందిపై జరిగి 2025లో వెలువడిన పరిశోధనయందు, గుండె సంకోచశక్తి బాగా నిలిచినవారికి ఆ మందువలన అదనపు మేలు కనబడలేదు. స్త్రీలను వేరుగా లెక్కించగా, మందు వాడినవారిలో మరణము, మరల గుండెపోటు, గుండె వైఫల్యము – ఈ మూడును కలిపి – ఎక్కువగా నుండినవి. డెన్మార్కు, నార్వే దేశములలో జరిగి అదే సంవత్సరము వెలువడిన వేరొక పరిశోధన మొత్తముమీద కొంత మేలు చూపినది. చర్చ యింకను ముగియలేదు. ఈ వార్త చదివి ఎవరును తమ మందును తామై మానరాదు. హఠాత్తుగా మానుట ప్రమాదకరము. గుండె బలహీనపడినవారికి అది నేటికిని ప్రాణాధారమే. అడుగవలసినది వైద్యుని.

వేగస్ నరమును మరల బలపరచు మార్గములలో మందులేనిది, నమ్మదగినది క్రమబద్ధమైన వ్యాయామము. గుండెపోటు తరువాత నాలుగు వారముల శిక్షణతో వేగస్ ప్రతిస్పందన ఎవరిలో మెరుగుపడినదో వారు ఎక్కువ కాలము జీవించిరని లా రోవెరే బృందము 2002లో చూపెను. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు తొంబదియైదుగురు, తొంబదియైదుగురును పురుషులే. ఇట్టి శిక్షణకు స్త్రీలను పంపుటయు తక్కువ, పంపినను వారు వచ్చుటయు తక్కువ అని పలుదేశముల అనుభవము.

మన విషయమునకు వచ్చినచో, ఏబదిరెండు దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన ప్రకారము దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు వచ్చు సగటు వయస్సు 53. ఇతరులకు దాదాపు 59. మన స్త్రీలలోను పలువురు ఇల్లు, ఉద్యోగము, పిల్లల చదువులు, అత్తమామల సేవ అన్నియు నెత్తిమీద నున్న వయస్సుననే ఈ గండమును ఎదుర్కొనవలసి వచ్చుచున్నది. గుండెపోటు వచ్చిన మగవానిని ఇంటిల్లిపాది మంచము దిగనీయక చూచుకొందురు. అదే జబ్బుతో ఆసుపత్రినుండి వచ్చిన ఇల్లాలు వారము తిరుగకముందే పొయ్యి ముందర నిలుచుండుటను మనమందరము చూచినవారమే. మనస్సునకు కలుగు ఒత్తిడి ఆమె గుండెకు రక్తమును తగ్గించునని తెలిసిన పిదప, ఈ యాచారమును కొనసాగించుట క్షమింపరానిది.

కావున పాఠకులకు నా మనవి. ఇంటిలోని స్త్రీ అకారణముగా చెమటలు పట్టి, వికారముతో, ఆయాసముతో, మునుపెన్నడును లేని నీరసముతో కూర్చుండిపోయినచో, గ్యాసని సోడా త్రాగించి పండుకొనబెట్టక 108కి ఫోనుచేసి, ఈసీజీ తీయించుడు. గుండెపోటునుండి బయటపడినచో, ఆమెకు వ్యాయామ శిక్షణ ఎక్కడ దొరకునో వైద్యుని అడిగి తీసికొనిపోవుడు. దినమున అరగంట ఆమె నడచివచ్చు వేళకు వంట మరియొకరు చూచుకొనుడు. నిద్ర పట్టకున్నను, దిగులు వదలకున్నను ఆ మాటను గూడ వైద్యునికి చెప్పుడు. అదియును గుండెజబ్బులోని భాగమే.